డీజిలు లెక్క కూలీలు కూడా నేర్చుకోవాలి

మిరప కోతల కాలంలో పల్నాడు పల్లెల్లో కోడి కూయక ముందే కూలి బండి హారన్ మోగుతుంది. ఆడవాళ్ళు సద్ది గిన్నె, నీళ్ళ సీసా, నెత్తిగుడ్డ పట్టుకుని రోడ్డు మీదికి వస్తారు. సరుకు వేసుకునే తొట్టిలో ఇరవై నలుగురు ఎక్కుతారు. సగం మంది కింద కూర్చుంటారు, సగం మంది అంచు కమ్మీ పట్టుకుని నిలబడతారు. ముప్ఫై కిలోమీటర్ల అవతల ఎవరిదో చేను. సాయంత్రం మళ్ళీ అదే బండి, అదే ముప్ఫై కిలోమీటర్లు. కూలి డబ్బులు పంచేటప్పుడు ముఠా మేస్త్రి బండి కిరాయి పట్టుకుని మిగతాది చేతిలో పెడతాడు.

ఈ కిరాయి ఎంత ఉండాలో ఎవరు తేల్చారు? ఓనరు చెప్పాడు, మేస్త్రి ఒప్పుకున్నాడు, మనం ఇచ్చాం. తూకంలో ఒక కిలో తేడా వస్తే గొడవ పడే మనం, రోజూ కూలిలో నుంచి పోయే ఈ డబ్బు గురించి నోరెత్తం. ఎందుకంటే అది డీజిలు లెక్క. డీజిలు లెక్క మనకు తెలియదని మనమే అనుకుంటున్నాం. ఆ లెక్క అంత కష్టమైనదేం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక బండికి మూడు లెక్కలు

2022లో జరిగిన సంగతి చెబుతాను. ఉత్తరప్రదేశ్ మొదలైన రాష్ట్రాల ఎన్నికలు అయ్యేదాకా నాలుగు నెలలకు పైగా డీజిలు ధర కదలలేదు. ఓట్ల లెక్కింపు అయిపోయింది. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపల లీటరుకు సుమారు 10 రూపాయలు పెంచారు. మిరప కోతలు సాగుతున్న రోజులు. మా పక్క ఊళ్ళో బండి ఓనరు మరునాడే కిరాయి 60 నుంచి 80 చేశాడు. "డీజిలు పది రూపాయలు పెరిగింది, మనిషికి ఇరవై పెంచకపోతే నాకు గిట్టదు" అన్నాడు. 300 రూపాయల కూలిలో 80 బండికే పోతే ఇంటికి ఏం మిగులుతుంది?

ఆడవాళ్ళు సంఘానికి వచ్చి చెప్పారు. మేం వెళ్ళి అడిగాం. "నీ బండి లీటరుకు ఎంత ఇస్తుందయ్యా?" అంటే "ఎనిమిది. అంతకు మించి చచ్చినా ఇవ్వదు" అన్నాడు. బండి కొన్నప్పుడు ఇచ్చిన రంగుల కాగితం అతని పెట్టెలోనే ఉంది. అందులో 17 అని ఉంది. అమ్మేటప్పుడు 17 ఇచ్చే బండి, కిరాయి వసూలు చేసేటప్పుడు 8 ఇస్తున్నదన్నమాట. నిజం ఎంత?

బండి తోలే కుర్రాడు కూలివాళ్ళ బిడ్డే. అతన్ని అడిగితే సరే అన్నాడు. పొద్దున్నే బంకులో ట్యాంకు నిండా పోయించి, మీటరు మీద అంకె రాసుకున్నాం. మూడు రోజులు ఎప్పటిలాగే కూలీలను తీసుకువెళ్ళి తీసుకువచ్చాడు. మూడోనాటి సాయంత్రం అదే బంకులో మళ్ళీ నిండా పోయించాం. తిరిగింది 186 కిలోమీటర్లు. పట్టింది పదిహేనున్నర లీటర్లు. భాగిస్తే లీటరుకు 12. కంపెనీ చెప్పిన పదిహేడూ నిజం కాదు, ఓనరు చెప్పిన ఎనిమిదీ నిజం కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. రానూపోనూ 60 కిలోమీటర్లు. లీటరుకు 12 చొప్పున 5 లీటర్లు. లీటరుకు 10 రూపాయలు పెరిగితే రోజుకు ఓనరు మీద అదనంగా పడేది 50 రూపాయలు. ఇరవై నలుగురికి పంచితే మనిషికి రెండు రూపాయల పైచిల్లర. పోనీ, అతను చెప్పిన ఎనిమిదే నిజమనుకుందాం. ఏడున్నర లీటర్లు, 75 రూపాయలు. మనిషికి మూడు రూపాయల పైచిల్లర. అతను పెంచింది ఇరవై. అంటే ఇరవై నలుగురి దగ్గర రోజుకు 480 రూపాయలు. పెరిగిన యాభైని అడ్డం పెట్టుకుని, దాదాపు మొత్తం డీజిలు ఖర్చంతా మళ్ళీ వసూలు చేశాడు.

ఇంకో మాట. అదే సంవత్సరం మే నెలలో కేంద్రం డీజిలు మీద ఎక్సైజు సుంకం 6 రూపాయలు తగ్గించింది. బంకులో ధర దిగింది. తరువాతి కోతల సీజనులో కిరాయి దిగిందా? దిగలేదు. పెరిగేటప్పుడు డీజిలు పేరు చెబుతారు. తగ్గేటప్పుడు డీజిలు ఊసే ఎత్తరు.

కాగితం మీది మైలేజీ ఎక్కడ పుడుతుంది?

కంపెనీ కాగితం మీది అంకె పుట్టేది మన రోడ్డు మీద కాదు, పరీక్షశాలలో. మన దేశంలో పూనాలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి సంస్థలు ఆ పరీక్ష చేస్తాయి. బండిని రోలర్ల మీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి గానీ బండి కదలదు. ఎన్ని సెకన్లు నిలపాలి, ఎప్పుడు ఎంత వేగం అందుకోవాలి అన్నది ముందే రాసి ఉంటుంది. ఇన్నేళ్ళుగా వాడిన పద్ధతిలో మొత్తం పరీక్ష 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాల లోపే. నిండు లోడు ఉండదు. గుంటలుండవు, బురద ఉండదు, గేదెలు అడ్డం రావు. ఇరవై నలుగురు మనుషులుండరు.

ఆ పరీక్షే తప్పని నేననను. ఒక బండినీ మరో బండినీ పోల్చి చూడడానికి ఒకే కొలత కావాలి, అందుకది పనికొస్తుంది. కానీ ఆ అంకెనే రోడ్డు మీద కూడా ఇస్తుందన్నట్టు చూపించి బండ్లు అమ్మడం ఉందే, అదీ మోసం. ఇది మన దేశంలోనే కాదు. ఐ.సి.సి.టి. అనే పరిశోధన సంస్థ ఐరోపాలో కార్ల లెక్కలు తీసింది. పరీక్షశాలలో చూపినదానికంటే రోడ్డు మీద 2001లో 9 శాతం ఎక్కువ ఇంధనం తాగేవి. 2015 నాటికి ఆ తేడా 42 శాతానికి చేరింది. అంటే కంపెనీలు రోడ్డు కోసం బండ్లు తయారు చేయడం కంటే పరీక్ష కోసం తయారు చేయడం బాగా నేర్చుకున్నాయి.

అమెరికాలో పికప్ బండి రైతు ఇంటి బండి లాంటిది. అక్కడ 8500 పౌన్ల మొత్తం బరువు దాటే పెద్ద పికప్‌లకు మైలేజీ చీటీ అతికించాలన్న నిబంధనే లేదు. ఎక్కువ తాగే బండికే లెక్క లేదన్నమాట. 2022లో ఫోర్డు కంపెనీ 40 రాష్ట్రాలకు కలిపి ఒక కోటీ 92 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో ఒక ఆరోపణ కార్ల మైలేజీ గురించి. రెండోది 2011 నుంచి 2014 దాకా వచ్చిన పెద్ద పికప్‌ల గురించి. తమ బండే అందరికంటే ఎక్కువ బరువు మోస్తుందని చెప్పుకోవడానికి స్టెపినీ టైరు, జాకీ, రేడియో లేని బండిని ఊహించుకుని లెక్క వేశారని ఆ రాష్ట్రాల ఆరోపణ. స్టెపినీ లేని బండిని ఎవడు కొంటాడు? కాగితం మీద మాత్రం అలాంటి బండ్లు బాగా పరుగెత్తుతాయి.

డొంక దారిలో డీజిలు ఎటు పోతుంది?

మన బండి పదిహేడు ఇవ్వాల్సింది పన్నెండే ఎందుకిచ్చింది? డ్రైవరు కుర్రాడు దొంగిలించలేదు. డీజిలు నాలుగు దారుల్లో పోతుంది.

మొదటిది బరువు. మనిషికి 55 కిలోలు వేసుకున్నా ఇరవై నలుగురు 1300 కిలోలు దాటుతారు. బరువు పెరిగేకొద్దీ చక్రాన్ని దొర్లించడానికి ఎక్కువ బలం కావాలి. ఆగిన బండిని మళ్ళీ కదిలించడానికి ఇంకా ఎక్కువ కావాలి. ఎడ్లబండి తోలినవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కరలేదు.

రెండోది దారి. తారు రోడ్డు మీద సాఫీగా దొర్లే చక్రం, నల్లరేగడి డొంకలోకి దిగగానే మట్టిలో కూరుకుంటూ నడుస్తుంది. మెత్తటి మట్టిలో చక్రాన్ని లాగడానికి తారు రోడ్డు మీదకంటే ఎన్నో రెట్లు బలం పడుతుంది. బండి మొదటి గేరులో, రెండో గేరులో మూలుగుతూ పోతుంది. ఊరికి చివరి మూడు కిలోమీటర్లు రోడ్డు వెయ్యనందుకు జరిమానా ప్రభుత్వం కట్టడం లేదు, కూలి కడుతున్నది.

మూడోది ఆగడం, లేవడం. ఈ పేటలో నలుగురు, ఆ మలుపులో ముగ్గురు, గుడి దగ్గర ఇద్దరు. ఆగిన ప్రతిసారీ అంతవరకూ డీజిలు పోసి తెచ్చుకున్న వేగం బ్రేకుల్లో వేడిగా పోతుంది. ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఇంజను ఆపకుండా ఉంటే ఒక్క అడుగు కదలకుండానే డీజిలు కాలుతుంది.

నాలుగోది బండి ఆరోగ్యం. టైర్లలో గాలి తక్కువ, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, క్లచ్ మీద కాలు తియ్యకుండా తోలడం. వీటిలో కొన్ని డబ్బు ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు. మేం గాలి కొట్టించి, ఫిల్టరు దులిపించి, రెండు పేటలవాళ్ళనూ ఒకేచోట నిలబడమన్నాం. మైలేజీ కొంచెం పెరిగిందని డ్రైవరే చెప్పాడు.

కౌలు రైతుకు కూడా ఒక మాట. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు వేసుకుపోయే బండి పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. లోడుతో 10, ఖాళీతో 16 ఇస్తే సగటు 13 అని చాలామంది వేస్తారు. అది తప్పు. 80 కిలోమీటర్లు పోవడానికి 8 లీటర్లు, రావడానికి 5 లీటర్లు. 160 కిలోమీటర్లకు 13 లీటర్లు. అంటే పన్నెండుంపావు పైన కొంచెం. మైలేజీ అంకెలను కూడితే మోసపోతాం, లీటర్లను కూడాలి.

ఇరవై రూపాయల ప్రాణం

ఇక అసలు సంగతికి వస్తాను. తొట్టిలో ఇరవై నలుగురిని ఎందుకు కుక్కుతున్నారు? "తలలు ఎక్కువైతేనే డీజిలు గిడుతుంది" అంటారు. ఆ లెక్క కూడా చూద్దాం. లీటరు వంద రూపాయలు అనుకుందాం. 60 కిలోమీటర్లకు 5 లీటర్లు, 500 రూపాయలు. ఇరవై నలుగురైతే మనిషికి 21. పన్నెండుమందే అయితే మనిషికి 42. బరువు తగ్గి మైలేజీ పెరుగుతుంది గనక నిజానికి నలభై లోపే. తేడా మనిషికి ఇరవై రూపాయలు కూడా లేదు.

ఆ ఇరవై రూపాయల కోసం ఆడవాళ్ళు కమ్మీ పట్టుకుని వేలాడుతున్నారు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. అది ట్రాక్టరు, ఇది పికప్పు. సరుకు మోసే బండిలో మనుషులను మోయడం అన్నది మాత్రం ఒకటే.

పైగా పోయినవాళ్ళకు బీమా కూడా అనుమానమే. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికుల బాధ్యత బీమా కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. 2004లో బల్జీత్ కౌర్ కేసులో కూడా అదే చెప్పి, ఆ ఒక్క కేసు మటుకు ముందు కంపెనీ కట్టి తరువాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమంది. ప్రమాదం జరిగాక మన మనిషి "అక్రమంగా ఎక్కిన ప్రయాణికుడు" అవుతాడు. బతికి ఉండగా కిరాయి మాత్రం సక్రమంగానే పట్టుకున్నారు.

"అట్టాగని బండి ఆపిస్తారా అన్నా? బండి ఆగితే మా పని ఆగుద్ది" అని ఒక అక్క నన్ను నిలదీసింది. ఆమె మాట న్యాయమే. పోలీసులు అప్పుడప్పుడూ బండ్లు ఆపి చలానా రాస్తారు. ఆ చలానా కూడా కిరాయిలోనే కలుస్తుంది. వేరే దారి చూపకుండా బండి ఆపడం కూలివాడి పొట్ట కొట్టడమే.

ఓనరు మన శత్రువా?

కిరాయి పెంచిన ఆ ఓనరు భూస్వామి కాదు. రెండెకరాలు అమ్మి, మిగతాది ఫైనాన్సు తీసుకుని బండి కొన్నాడు. కాగితంలో 17 చూసి వాయిదాల లెక్క వేసుకున్నాడు. రోడ్డు మీద 12 వచ్చింది. రోజుకు 60 కిలోమీటర్లకు మూడున్నర లీటర్లు అనుకున్నది 5 లీటర్లు అయింది. ఆ ఒకటిన్నర లీటరు నష్టాన్ని కంపెనీని అడిగే బలం అతనికి లేదు. ఫైనాన్సు వాడిని అడిగే ధైర్యమూ లేదు. అంచేత తనకంటే కిందనున్న కూలివాళ్ళ మీద వేశాడు. మన సమాజంలో భారం ఎప్పుడూ ఇలాగే కిందికి దొర్లుతుంది. దాని కిందపడి నలిగేది చివరన ఉన్న కూలి ఆడమనిషే.

మరి పైన కూర్చున్నదెవరు? డీజిలు మీద కేంద్ర ఎక్సైజు సుంకం 2014 ఏప్రిల్‌లో లీటరుకు 3 రూపాయల 56 పైసలు. 2020 మేలో 31 రూపాయల 83 పైసలు. ప్రపంచంలో ముడిచమురు ధర పడిపోయిన రోజుల్లోనే, కరోనాతో పనులు లేక కూలివాళ్ళు ఇళ్ళల్లో కూర్చున్న రోజుల్లోనే అంత పెంచారు. మన 5 లీటర్ల బండి మీద 2014లో రోజుకు 17 రూపాయల 80 పైసలు పడిన పన్ను, 2020లో 159 రూపాయలు అయింది. రాష్ట్రం వేసే వ్యాటు వేరే. 2021 నవంబరులో, 2022 మేలో తగ్గించి 15 రూపాయల 80 పైసలకు తెచ్చామని గొప్పగా చెప్పుకున్నారు. అది కూడా 2014 నాటి సుంకానికి నాలుగు రెట్ల పైనే. పంపు గొట్టం ఏనాడూ చేత్తో పట్టని కూలి మనిషి రోజూ ఈ పన్ను కడుతున్నది. ఆమె పేరు ఏ పన్ను పుస్తకంలోనూ ఉండదు.

బస్సు లెక్క

చివరగా ఇంకో లెక్క. ఆర్టీసీ పల్లె బస్సు లీటరుకు సుమారు 5 కిలోమీటర్లు ఇస్తుంది. "ఐదేనా!" అని నవ్వుకోకండి. 60 కిలోమీటర్లకు 12 లీటర్లు, 1200 రూపాయలు. యాభైమంది కూర్చుంటే మనిషికి 24 రూపాయలు. ఇరవై నలుగురిని కుక్కిన తొట్టి బండిలో 21 రూపాయలు. డిపో నుంచి ఖాళీగా వచ్చే దూరం కలిపితే బస్సుకు ఇంకో నాలుగైదు పెరుగుతాయి. ఆ కాస్త తేడాకు సీటు ఉంది, పైకప్పు ఉంది, చట్టం ఉంది, ప్రమాదం జరిగితే అడగడానికి ఒక సంస్థ ఉంది. మైలేజీ అంటే బండి ఎన్ని కిలోమీటర్లు పోయిందన్నది కాదు. లీటరు డీజిలుతో ఎంతమంది మనుషులు క్షేమంగా ఎంత దూరం పోయారన్నది.

మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ప్రారంభించారు. మంచిదే. కానీ కోతలకు పోయే ఆడవాళ్ళకు తెల్లవారుజామున ఐదింటికి, చేల వైపు పోయే బస్సు ఏది? బస్సే రాని ఊళ్ళో ఉచితం ఏం చేసుకోవాలి? కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు మిరప చేలకు వచ్చే వలస కూలీల సంగతి మరీ అన్యాయం.

ఏం చెయ్యాలి?

సంఘం కార్యకర్తలు ఈ సీజను మొదలు కాకముందే కొన్ని పనులు చెయ్యాలి. ప్రతి ముఠాలో చదువు వచ్చిన ఒకరు కూలి బండి మైలేజీని ట్యాంకు నుంచి ట్యాంకు లెక్కన తీసి నోటుపుస్తకంలో రాయాలి. కిరాయిలో డీజిలు ఎంత, వాయిదా ఎంత, డ్రైవరు జీతం ఎంత, మేస్త్రి వాటా ఎంత అన్నది కూర్చుని తేల్చాలి. డీజిలు రూపాయి పెరిగితే మన బండికి మనిషికి పావలా కూడా పెరగనక్కరలేదు. ఆ మాట ఓనరుతో కాగితం మీద రాయించుకోవాలి. తగ్గితే తగ్గించాలని కూడా అందులోనే రాయించాలి.

రెండోది, దూరం పని పెట్టుకునే ఆసామి కిరాయి భరించాలి, కూలిలో పట్టకూడదు. ఇది కొత్త కోరిక కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే 5 కిలోమీటర్లు దాటి పని చూపిస్తే కూలి మీద 10 శాతం అదనం ఇవ్వాలని రాశారు. ప్రభుత్వ పనికి ఒప్పుకున్న న్యాయం పెద్ద ఆసాముల చేలో ఎందుకు చెల్లదు? సన్నకారు రైతుకూ, కౌలు రైతుకూ ఈ భారం మొయ్యలేనిదైతే, వాళ్ళను మనతో కలుపుకుని మూడో కోరిక అడగాలి.

ఆ మూడోది బస్సు. నాట్లు, కలుపు, కోతల కాలంలో ముఠాలు బయలుదేరే వేళకు ఆర్టీసీ బస్సులు నడపాలని డిపో మేనేజర్లకు, కలెక్టర్లకు అర్జీలు పెట్టాలి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎంతమంది, ఎన్ని గంటలకు అన్నది మన నోటుపుస్తకంలో నుంచే ఇవ్వాలి. ఊరికే నినాదమిస్తే "చూస్తాం" అంటారు. లెక్కలు ముందు పెడితే జవాబు చెప్పక తప్పదు.

2022లో ఆ ఊళ్ళో చివరికి ఏమైందంటారా? లెక్క చూపించాక ఓనరు 80 నుంచి 65కు దిగాడు. పూర్తి న్యాయం కాదు. కానీ ఇరవై నలుగురికి రోజుకు 360 రూపాయలు మిగిలాయి. ఆ రోజు నన్ను నిలదీసిన అక్క ఇప్పుడు మీటరు అంకె తనే రాసుకుంటున్నది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. కొత్త ఓనరు ఎవరు వచ్చినా ఆమె అడిగే మొదటి మాట, "నీ బండి లీటరుకు ఎంత ఇస్తుంది?"

ఈ ప్రశ్న ప్రతి కూలి బండి దగ్గరా వినపడాలి.